పది రోజుల్లో మారిన పెద్దావిడ: దిగులా, డిమెన్షియానా, ఇంకేమైనానా?

మీరు రాసిందంతా చదివానండి. అమ్మగారికి 81 ఏళ్ళు, నాలుగు నెలల క్రితం కేర్‌హోంలో చేర్చారు, మొదట్లో కాస్త మూడీగా ఉన్నా సర్దుకున్నారు, కానీ ఈ పది రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదు, పగలంతా మగతగా పడుంటున్నారు, రాత్రిళ్ళు లేచి ఎవరెవర్నో పిలుస్తున్నారు. స్టాఫేమో వయసు కదండీ మామూలే అంటున్నారు, మీ అన్నయ్యగారు డిమెన్షియా మొదలైందంటున్నారు, మీకేమో మనం అక్కడ వదిలేశామని దిగులుపెట్టుకుని ఇలా అయిపోయారేమో అని బాధ. చివర్లో తొమ్మిది రకాల మందులు వాడుతున్నారని ఒక్క ముక్క రాసి వదిలేశారు, నిజం చెప్పాలంటే నా కళ్ళు ముందు ఆ ముక్క మీదే ఆగాయి. నేను పెద్దవాళ్ళ వార్డుల్లో, తర్వాత కేర్‌హోముల్లో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. అమ్మగార్ని చూడకుండా ఇదీ జబ్బు అని చెప్పను, అది ఎవరూ చెప్పకూడదు కూడా, కానీ ఏది ముందు వెతకాలి ఏది తర్వాత అనేది చెప్పగలను.

అన్నిటికన్నా ముందు మీరు రాసిన "పది రోజుల్నుంచి" అన్నది పట్టుకోండి. డిమెన్షియా పది రోజుల్లో రాదండి. అది నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది, వెనక్కి తిరిగి చూస్తే ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ళే చెప్పలేరు. డిప్రెషన్ కూడా మామూలుగా వారాల మీద పేరుకుంటుంది. గంటల్లో, రోజుల్లో మనిషి తేడాగా అయిపోతే, పొద్దున ఒకలాగా సాయంత్రం ఇంకోలాగా ఉంటుంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో జారిపోతుంటే దాన్ని డెలీరియం అనుమానించాలి, అంటే ఒంట్లో ఎక్కడో ఏదో తేడా జరిగితే ఆ దెబ్బ మెదడు మీద పడటం. దీన్ని ఎమర్జెన్సీ లాగానే చూడాలి, వచ్చేవారం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఈరోజో రేపో డాక్టర్ చూడాలి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఎంత పిలిచినా లేవకపోవడం, ఆయాసం, వీటిల్లో ఏది కనబడ్డా అసలు డాక్టర్ కోసం కూడా ఆగొద్దు, నేరుగా హాస్పిటల్‌కే. ఇంకోటి, ఈ మధ్య నెలా రెండు నెలల్లో ఎప్పుడైనా పడ్డారా, తలకి తగిలిందా అని గట్టిగా అడగండి, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, ఎందుకంటే పెద్దవాళ్ళలో తలలో రక్తం మెల్లగా కారి వారాల తర్వాత మగత రూపంలో బైటపడటం ఉంది.

డెలీరియం అనగానే అందరూ అరుపులు, మంచం దిగి పారిపోవడం, లేనివాళ్ళు కనబడటం అనుకుంటారు. అలాంటివాళ్ళని ఎలాగూ అందరూ గమనిస్తారు. నెమ్మదిగా ఉండేవాళ్ళే తప్పిపోతారు: కదలకుండా, మాట్లాడకుండా, ముద్ద నోట్లో పెడితే నమలడం మర్చిపోయి అలా ఉంటారు, ఎవర్నీ ఇబ్బంది పెట్టరు కాబట్టి బిజీగా ఉన్న షిఫ్టులో వాళ్ళకి "ఈరోజు ప్రశాంతంగా ఉన్నారు" అని రాసేస్తారు. నాకు తెలిసి కేర్‌హోం రికార్డుల్లో అన్నిటికన్నా అనుమానించాల్సిన వాక్యం అదే. మీరు వెళ్ళినప్పుడు ఒక చిన్న పని చెయ్యొచ్చు, నెలల పేర్లు డిసెంబర్ నుంచి వెనక్కి చెప్పమనండి. ఇంగ్లీషు నెలలు రాకపోతే తెలుగు నెలలే అడగండి, వారాల పేర్లైనా పర్లేదు. అన్నీ కరెక్టుగా చెప్పడం కన్నా, మొదలుపెట్టి నాలుగైదు పేర్ల దాకా దృష్టి నిలబెట్టగలుగుతున్నారా లేక రెండోదానికే ఎటో వెళ్ళిపోతున్నారా అన్నది చూడాలి. డాక్టర్లు, నర్సులు వాడే 4ఏటీ అనే చిన్న పరీక్షలో కూడా ఇది ఒక భాగమే, మిగతావి ఎంత మెలకువగా ఉన్నారు, వయసు, పుట్టినరోజు, ఉన్న చోటు, ఏ సంవత్సరం లాంటివి తెలుసా, ఈ మార్పు హఠాత్తుగా వచ్చిందా అన్నవి. స్కోరు 4 దాటినా, 4 వచ్చినా డెలీరియం అనుమానించి కారణం వెతుకుతారు.

ఇక ఆ కారణం ఎక్కడుంటుంది అంటే, జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు అనే మాట మాత్రం ఒప్పుకోకండి. బాగా బలహీనపడ్డ పెద్దవాళ్ళకి న్యుమోనియా వచ్చినా ఒళ్ళు కాలకపోవచ్చు, దగ్గు కూడా ఉండకపోవచ్చు, తిండి మానెయ్యడం, పడిపోవడం, పరాకుగా మాట్లాడటం, ఇవే లక్షణాలు. అందుకే కేర్‌హోంలో ఉండేవాళ్ళకి 37.8 డిగ్రీలు, అంటే 100 ఫారెన్‌హీట్ ఒక్కసారి కనబడినా జ్వరంగానే లెక్కెయ్యాలి, లేదంటే వాళ్ళకి మామూలుగా ఉండే దానికన్నా 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగినా సరే. మామూలుగా ఎంతుంటుందో ఎవరైనా రాసిపెట్టుంటేనే కదా తేడా తెలిసేది, ఆ రాసిపెట్టడం చాలాచోట్ల ఉండదు, అది వేరే గోల. యూరిన్ సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే పెద్దావిడ పరాకుగా ఉంటే వెంటనే యూరిన్ టెస్టు చేసి బాక్టీరియా ఉంది అని యాంటీబయాటిక్ రాసేసి ఫైలు మూసేస్తారు. కేర్‌హోముల్లో ఉండే ఆడవాళ్ళలో పావు వంతు నుంచి సగం మంది దాకా ఏ ఇబ్బందీ లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది, దానికి మందు అక్కర్లేదు. మంట, పొత్తికడుపు నొప్పి, జ్వరం లాంటివి ఏమీ లేకుండా ఉత్త రిపోర్టు చూసి ఇన్ఫెక్షన్ అనేస్తే అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది, నా భయం అదే.

తర్వాత నీళ్ళు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, కిడ్నీలు నీటిని పట్టి ఉంచే శక్తీ తగ్గుతుంది, పైగా బాత్రూంకి ఎవర్నో పిలవాలి కదా అని చాలామంది కావాలనే తాగడం తగ్గించేస్తారు. చర్మం గిల్లి చూసే పద్ధతి వీళ్ళలో పనిచెయ్యదు, వయసుకే చర్మం వదులైపోయుంటుంది. రక్తపరీక్షలో సోడియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాల్సిందే, షుగరు కూడా, ఎందుకంటే తిండి తగ్గిపోయి షుగరు మందులు మాత్రం పాత డోసులోనే వెళ్తుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మలబద్ధకం అడగడానికి ఇబ్బందిపడకండి, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోతే అది పొట్టలో గట్టిపడి మూత్రాన్ని కూడా ఆపేస్తుంది, ఆ మూత్రసంచి నిండిపోయిన బాధని చెప్పుకోలేక మనిషి రాత్రంతా గొడవచేస్తారు, మనమేమో బిహేవియర్ ప్రాబ్లం అంటాం. ఒక్కోసారి పొట్ట మీద చెయ్యేసి చూస్తే తెలిసిపోయే విషయం, సైకియాట్రిస్టు దాకా వెళ్ళి ఉంటుంది.

ఇప్పుడు ఆ తొమ్మిది మందుల దగ్గరికి వస్తా. ఐదు లేదా అంతకన్నా ఎక్కువ మందులు వాడితే పాలీఫార్మసీ అంటారు, కొందరికి అన్నీ అవసరమే అవుతాయి, అది వేరు. అసలు చిక్కు ఏంటంటే ఒక మందు సైడ్ ఎఫెక్టుని కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు రాయడం. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు, కొందరికి దాంతో పాదాలకి నీరు పడుతుంది. అది చూసి నీరు దిగడానికి ఇంకో మాత్ర రాస్తారు. దాంతో మాటిమాటికీ మూత్రం వస్తుంది, బాత్రూం దాకా ఆపుకోలేకపోతారు, అప్పుడు దానికి ఆక్సీబ్యుటినిన్ లాంటిది మొదలుపెడతారు. అది నోరు ఎండగొడుతుంది, మలబద్ధకం చేస్తుంది, మెదడుని మందం చేస్తుంది, అప్పుడు మతిమరుపు వచ్చిందంటారు, దానికి డోనెపెజిల్ రాస్తారు, ఆ డోనెపెజిల్ మళ్ళీ మూత్రం ఆపుకోలేనట్టు చెయ్యగలదు! ఎవరూ తప్పుడు మందు రాయలేదు, ఒక్కో డాక్టరు తన ముందున్న కంప్లైంటుకి సరిగ్గానే రాశారు, మొత్తం చీటీ ఒక్కసారి కింద నుంచి పైకి చదివినవాళ్ళే లేరు. మీరు చెయ్యాల్సింది ఏంటంటే ఒక కాగితం మీద ప్రతి మందు పక్కన ఎప్పుడు మొదలైంది, దేనికోసం, ఎవరు రాశారు అని రాయించండి. ఈ పది రోజులకి ముందు రెండు మూడు వారాల్లో కొత్తగా చేరిందేదైనా, డోసు మారిందేదైనా, హఠాత్తుగా ఆపిందేదైనా ఉంటే దానికి ఎర్ర గీత పెట్టండి.

జలుబు మాత్రల్లో, నిద్ర మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ కూడా ఆక్సీబ్యుటినిన్ లాగే మెదడుని మందం చేస్తాయి, అవీ లెక్కలోకి రావాలి, చీటీ లేకుండా దొరుకుతాయి కాబట్టి అవి మందులే కాదన్నట్టు ఉంటారు జనం. నరాల నొప్పికో నిద్రకో ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా ఇదే కోవ. పెద్దవాళ్ళకి సాధ్యమైనంతవరకు ఇవ్వకూడని మందుల లిస్టు ఒకటుంది, బీర్స్ లిస్టు అంటారు, 1991లో మార్క్ బీర్స్ అనే డాక్టరు మొదలుపెట్టింది ప్రత్యేకంగా నర్సింగ్‌హోముల్లో ఉండేవాళ్ళ కోసమే, ఇప్పుడు అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ వాళ్ళు అప్‌డేట్ చేస్తుంటారు, 2023లో కూడా చేశారు. మీ డాక్టర్‌ని ఈ లిస్టుతో ఒకసారి పోల్చి చూడమని మర్యాదగా అడగొచ్చు, తప్పేం లేదు. కానీ దయచేసి మీ అంతట మీరు ఏదీ ఆపెయ్యకండి, ముఖ్యంగా నిద్రకీ గాబరాకీ ఏళ్ళ తరబడి వాడుతున్న ఆల్ప్రజోలామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డెలీరియం కూడా వస్తుంది.

ఇవన్నీ చూశాక ఒంట్లో ఏమీ దొరకలేదు, లేదా దొరికింది సరిచేశాక కూడా ఇంకా అలాగే ఉన్నారు అంటే అప్పుడు మీ అనుమానానికి వద్దాం, దిగులు. అది కొట్టిపారేసేది కాదు. కేర్‌హోంలో చేరడమంటే ఇల్లు ఒక్కటే పోవడం కాదు కదండీ, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు స్నానం, తలుపు వేసుకోవాలా తీసుకోవాలా, పక్కన ఎవరు కూర్చోవాలి అన్నీ ఇంకెవరో నిర్ణయిస్తారు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఒక నర్సింగ్‌హోంలో ఒక అంతస్తు వాళ్ళకి మీ గది ఎలా సర్దుకోవాలో మీ ఇష్టం, ఈ మొక్క మీది, మీరే చూసుకోవాలి అని చెప్పి, ఇంకో అంతస్తు వాళ్ళకి మొక్క ఇచ్చి నర్సులే నీళ్ళు పోస్తారు అన్నారు. మూడు వారాలయ్యేసరికి మొదటివాళ్ళు ఎక్కువ హుషారుగా, ఎక్కువ కలివిడిగా ఉన్నారు. చిన్న స్టడీ, దానిమీద విమర్శలూ ఉన్నాయి, అయినా ఆ మాట నిజమని రోజూ వార్డులో కనబడేదే. అమ్మగారి చేతిలో ఇప్పుడు ఏ నిర్ణయం మిగిలుందో చూడండి, ఏమీ లేకపోతే రెండు మూడు తిరిగి ఇప్పించండి, చాలావాటికి ఖర్చు కూడా ఉండదు.

పెద్దవాళ్ళు చాలామంది నాకు బాధగా ఉంది అని చెప్పరు, ఏడవరు కూడా. ఒళ్ళు నొప్పులు, కడుపులో ఏదోలా ఉంది, నిద్ర లేదు, నన్నెందుకు విసిగిస్తారు, ఇలా వస్తుంది డిప్రెషన్. మతిమరుపు లాగా కూడా కనబడుతుంది, ఏదడిగినా "నాకు తెలీదు" అంటారు, డిమెన్షియా మొదట్లో ఉన్నవాళ్ళు ఎక్కువగా ఏదో ఒక జవాబు చెప్పి సర్దేస్తారు, ఇది వంద శాతం పనిచేసే తేడా కాదు గానీ ఉపయోగపడుతుంది. పెద్దవాళ్ళలో డిప్రెషన్ కొలవడానికి 15 ప్రశ్నల జీడీఎస్ అనే అవును-కాదు స్కేలు ఉంది, 5 దాటితే సరిగ్గా పరీక్ష చేయించాలి. మాట పొందిక లేనివాళ్ళకి అది పనికిరాదు, వాళ్ళకి దగ్గరగా చూసుకునేవాళ్ళని అడిగి నింపే కార్నెల్ స్కేలు వాడతారు. ఇంకెందుకీ బతుకు అన్న మాట వస్తే అయ్యో అలా అనకమ్మా అని నోరు మూయించకండి. చనిపోవాలనిపిస్తోందా, ఏమైనా చేసుకోవాలని అనుకుంటున్నావా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. మందులు మింగకుండా దాచిపెట్టడం, తిండి, నీళ్ళు కావాలని మానెయ్యడం కూడా ఆ కోవలోకే రావచ్చు, ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. డిప్రెషన్‌కి మందు మొదలుపెడితే, చాలావరకు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం ఇస్తారు, కొన్ని వారాల్లోపు సోడియం ఒకసారి చూడమని మీరే గుర్తుచెయ్యండి, పెద్దవాళ్ళలో అది పడిపోవచ్చు, పైగా నీరు దిగే మాత్ర కూడా ఉంటే ఇంకా ఎక్కువ. సోడియం పడితే మళ్ళీ మగత, మళ్ళీ పరాకు, మనం మొదలుపెట్టిన చోటికే వస్తాం.

ఒకవేళ నిజంగానే వెనకాల డిమెన్షియా ఉందని తేలినా పైన చెప్పినవేవీ వృథా కావు, అసలు డిమెన్షియా ఉన్నవాళ్ళకే డెలీరియం ఎక్కువగా వస్తుంది. అప్పుడు నొప్పి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి, ఎందుకంటే నొప్పి అని చెప్పలేని మనిషి స్నానం చేయించేటప్పుడు కొడతారు, తిడతారు. ఊపిరి ఎలా ఉంది, మూలుగుతున్నారా, ముఖం చిట్లిస్తున్నారా, ఒళ్ళు బిగబట్టారా, ఊరడిస్తే ఊరుకుంటున్నారా, ఈ ఐదూ చూసి 10కి మార్కులేసే పెయినాడ్ స్కేలు నర్సులకి తెలుసు, వాడమని అడగండి. గొడవ చేస్తున్నారని రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటి యాంటీసైకోటిక్ మందులు, అంటే అసలు మానసిక జబ్బులకి వాడేవి, మొదలుపెడతామంటే, దేనికోసం, ఎన్నాళ్ళు, ఎప్పుడు ఆపి చూస్తారు, ఈ మూడూ అడగకుండా ఒప్పుకోవద్దు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో వీటివల్ల మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టింది, పది వారాల ట్రయల్స్‌లో మందు తీసుకున్నవాళ్ళలో దాదాపు 4.5 శాతం, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళలో 2.6 శాతం చనిపోయారు. ఈ కోవలోనే పాత రకం మందులకి కూడా 2008లో అదే హెచ్చరిక వచ్చింది. తనకో పక్కవాళ్ళకో ప్రమాదం అన్నంత తీవ్రంగా ఉన్నప్పుడు వాడాల్సి రావచ్చు, కాదనను, కానీ స్టాఫ్ తక్కువున్నారని వాడకూడదు.

కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడు పళ్ళు, ఈ మూడూ ఇప్పుడు ఎక్కడున్నాయో ఈరోజే కనుక్కోండి. నవ్వకండి, కేర్‌హోముల్లో ఎక్కువగా పోయేవి ఇవే, బట్టల్లో ఉతుక్కి కూడా వెళ్ళిపోతాయి. చెవిలో గుబిలి గడ్డకట్టి వినబడక పలకరించినా పలకని మనిషికి మతిపోయిందని పేరు పెట్టిన సందర్భాలు లెక్కలేనన్ని. 1999లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్ళు 70 దాటిన హాస్పిటల్ పేషెంట్ల మీద ఒక ప్రయోగం చేశారు, అద్దాలు, వినికిడి మిషను సరిచూడటం, నీళ్ళు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడగొట్టకపోవడం, రోజూ తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడటం, అంతే, డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. ఇందులో సగం పనులు మీరు, అన్నయ్యగారు వంతులేసుకుని వెళ్ళి చెయ్యగలిగినవే.

నడక గురించి క్లుప్తంగా. పడతారేమో అని మంచం మీదే ఉంచెయ్యడం కేర్‌హోంవాళ్ళకి సులువు, మీకూ ధైర్యంగా అనిపిస్తుంది, కానీ 2007లో వచ్చిన ఒక స్టడీలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పది రోజులు పడుకోబెడితే కాళ్ళ కండ సుమారు కిలో పోయింది. మీ అమ్మగారు ఇప్పటికే పది రోజులుగా పగలంతా పడుకునే ఉన్నారు. లేపేముందు పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడమనండి, పై నంబరు 20 గానీ కింది నంబరు 10 గానీ పడిపోతే అది పడిపోవడానికి ఒక కారణం, బీపీ మందులు మళ్ళీ చూడాలి. కుర్చీకి కట్టెయ్యడం, మంచానికి రెండువైపులా కడ్డీలు ఎత్తెయ్యడం సేఫ్టీ అనుకోవద్దు, కడ్డీ ఎక్కి పడితే ఇంకా ఎత్తునుంచి పడతారు. తుంటి, మడమలు, నడుం కింద చర్మం మీరే స్వయంగా చూడండి, వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు ఉంటే పడక పుండు మొదలైనట్టే, ఛాయ నలుపైతే ఎరుపు కనబడదు, వేడిగా ఉందా గట్టిగా ఉందా అని చేత్తో చూడాలి. బరువు చార్టు అడగండి, నెలలో 5 శాతం తగ్గితే అది వయసు కాదు, కారణం వెతకాల్సిన విషయం.

ఇక మీరు వదిలేశామన్న బాధ గురించి. స్టాఫ్‌కి అమ్మగారు నాలుగు నెలలుగా తెలుసు, అదీ షిఫ్టుల లెక్కన. ఆవిడ మామూలుగా ఎలా మాట్లాడతారో, దేనికి చిరాకుపడతారో, ఏ చెవి బాగా వినబడుతుందో తెలిసినవాళ్ళు మీరే. "ఈవిడ ఇలా ఉండరు" అని మీరు చెప్పే మాట డెలీరియం గుర్తించడంలో డాక్టర్‌కి చాలా అవసరమైన సమాచారం, ఇంటివాళ్ళ గాబరా కదా అని ఎవరైనా తీసిపారేస్తే ఊరుకోకండి, ఏ తేదీ నుంచి ఏం మారిందో రాసి చేతిలో పెట్టండి.

ఫోన్ చేసేటప్పుడు కూడా "డల్‌గా ఉంటున్నారు" అనకండి, ఎవరూ పట్టించుకోరు. "పది రోజుల్లో హఠాత్తుగా మారారు, పగలు మగత, రాత్రి పలవరింతలు, తిండి తగ్గింది, తొమ్మిది మందులు వాడుతున్నారు, డెలీరియం ఉందేమో చూడండి" అని ఇదే వరసలో చెప్పండి, డాక్టర్ ఇవాళ ఎన్నింటికి వస్తారో టైం కూడా అడగండి. రక్తపరీక్షలు వచ్చాక సోడియం ఎంతుందో, ఆ మందుల లిస్టులో తేదీలు ఏం తేలాయో రాయండి, చూస్తాను.